ఎక్కువైన అంగుళం

ఆ వీధిలో ఆయన్ని అందరూ గాలి మేస్త్రి అంటారు. కారు ఇంజనుకు ఊపిరి సరిగ్గా ఆడేలా చేయడం ఆయన పని. బయటి గాలిని లోపలికి తీసుకుపోయే గొట్టం, దాని మొహాన ఫిల్టరు, ఆ ఫిల్టరును దాచే పెట్టె, ఈ మూడింటితోనే ముప్పై ఏళ్లు గడిచిపోయాయి. పేరు విని కొత్తవాళ్లు కొందరు సైకిళ్లు తోసుకుంటూ వచ్చేవారు. నేను ఆ గాలి మేస్త్రిని కాదని చెప్పి పంపేయడానికి ఆయనకు నోరు రాక, వాటికీ గాలి కొట్టి పంపేవాడు. దానికోసం గుమ్మం పక్కన ఒక చేతిపంపు ఉండేది. దాన్ని కొన్నది భార్య. ఎలాగూ కొట్టక మానరు, పక్కవాళ్ల పంపు అడుక్కోవడం ఎందుకని తెచ్చి పెట్టింది.

ఆవిడ టైలరు. షెడ్డుకూ ఆవిడ కుట్టు దుకాణానికీ మధ్య ఒకటే గోడ, ఆ గోడకో తలుపు. ఇటు రెంచీల చప్పుడు, అటు మిషను చప్పుడు. ఏది ఆగినా రెండోవాళ్లు తల తిప్పి చూసేవారు. ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది. ఇప్పుడు అటువైపు ఆవిడ చెల్లెలు కూర్చుంటోంది. తలుపు మాత్రం ఎవరూ మూయలేదు.

ఆ మంగళవారం పొద్దున ఆయన ఏదో గొట్టానికి క్లిప్పు బిగిస్తూ ఉండగా, రెండు వీధుల అవతలి నుంచి ఆ గొంతు వినబడింది. ఖాళీ సీసా మూతి మీద పెదవి ఆనించి మెల్లగా ఊదితే వస్తుందే, అలాంటి శబ్దం. ఆ ఊళ్లో ఇంకే కారుకూ ఆ గొంతు లేదు. పళ్ల డాక్టరు గారి ఎర్ర స్పోర్ట్స్ కారు అది. రెండే సీట్లు, నేలకు ఆనుకున్నంత కిందకు ఉంటుంది. అందులోంచి లేవడానికి డాక్టరు గారు ఈ మధ్య తలుపు పట్టుకుని మరీ మూలగాల్సి వస్తోంది.

కారులోంచి డాక్టరు గారితో పాటు వాళ్ల అమ్మాయి కూడా దిగింది. ఇకమీదట కారు ఆ పిల్లదేనట. వచ్చే నెలలో కొండ రోడ్డు మీద జరిగే పందెంలో నడపబోతోందట. చేతిలో కొత్త ఫిల్టరు పెట్టె ఉంది. పెద్దది, నాలుగు వైపులా మూసి ఉన్నది, ఇంజను వేడి లోపలికి చొరబడనిది. అది కూర్చోవాలంటే గాలి గొట్టం ఒక అంగుళం పొట్టి కావాలి. పైగా గొట్టం పొట్టిగా ఉంటేనే ఇంజను బాగా తిరిగేటప్పుడు గాలి ఎక్కువ అందుతుంది. ఆ అమ్మాయి ఇదంతా చక్కగా చదువుకుని వచ్చింది. చెబుతున్నంతసేపూ డాక్టరు గారు మేస్త్రి మొహం కేసి చూడలేదు. గోడ మీద వేలాడుతున్న బెల్టులన్నీ లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాడు.

చివరికి గొంతు సవరించుకుని అన్నాడు. "ఇంకోచోట చేయిస్తే మీకు కష్టంగా ఉంటుంది. మీ చేతనే చేయించినా కష్టంగానే ఉంటుంది. ఏం చేయాలో తోచక వారం రోజులు బండి బయటికి తీయలేదు మేస్త్రీ."

"ఇంకొకడు కోయడం కంటే నేను కోస్తేనే నయం డాక్టరు గారూ. ఉంచి వెళ్లండి" అన్నాడు మేస్త్రి.

తీసేయాల్సిన ఆ అంగుళానికి ఒక కథ ఉంది. షెడ్డుకు వచ్చిన వాళ్లందరికీ ఆ కథ తెలుసు.

పన్నెండేళ్ల కిందట డాక్టరు గారు ఆ కారును పాతదే కొన్నాడు. ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసపడుతోందని తీసుకొచ్చాడు. కంపెనీవాళ్లు పెట్టిన గొట్టం ఇంజను పక్కనే వేడి గాలి పీలుస్తోంది. మేస్త్రి అప్పటికి ఇంకా పెద్ద పనులకు పేరు పడలేదు. కొత్త గొట్టం తనే చేస్తానని ఒప్పుకున్నాడు. గొట్టం ఆకారంలో థర్మాకోలు చెక్కి, దాని మీద గాజు నారతో నేసిన తెల్లటి గుడ్డ చుట్టి, పైన రెసిన్ అనే జిగురు పట్టించాలి. ఆరి గట్టిపడ్డాక లోపలి థర్మాకోలు కరిగించి తీసేస్తే గొట్టం మిగులుతుంది. గుడ్డ అన్నాక కోసేది భార్య కాక ఇంకెవరు?

చిక్కంతా ఆవిడ టేపుతో వచ్చింది. ఆవిడ పని నేర్చుకున్న రోజుల నాటి టేపు అది. మొదటి అంగుళం పీలికలైపోతే ఆవిడే కత్తెరతో తీసేసింది. అప్పట్నుంచీ ఆ టేపు ఒకటితోనే మొదలవుతుంది. కొత్తది కొనుక్కోమంటే, దీని సంగతి నాకు తెలుసు, నా సంగతి దీనికి తెలుసు అనేది. అందువల్ల ఇంట్లో ఒక పద్ధతి స్థిరపడింది. కొలిచినవాళ్లు టేపు మీద కనబడిన అంకెలోంచి ఒకటి తీసేసి నోటితో చెప్పాలి. కోసేవాళ్లు విన్నదానికి ఒకటి కలిపి టేపు పరవాలి. టేపు మీద పదిహేను ఉంటే, నోటితో అనాల్సింది పద్నాలుగు.

మేస్త్రి కారు బానెట్ కింద నడుము దాకా దూరి, తలకిందులుగా టేపు పెట్టి కొలత కేకేశాడు. అవతల గదిలో ఆవిడ కోసింది. మూడు రోజుల తర్వాత నల్ల రంగు కూడా వేసిన గొట్టాన్ని బిగించబోతే అది సరిగ్గా ఒక అంగుళం ఎక్కువైంది. డాక్టరు గారు చేతులు కట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు.

"నేను పద్నాలుగు అంటే పదిహేను కోశావేమిటి?" అని మేస్త్రి గోడ తలుపు దగ్గరకొచ్చి అడిగాడు.

ఆవిడ ఆ గొట్టాన్ని చూసింది. డాక్టరు గారిని చూసింది. "అవునండీ, నేనే ఎక్కువ కోసినట్టున్నాను" అంది.

విసిరేయడం ఇష్టంలేక మేస్త్రి ఆ గొట్టాన్ని అటు వంచి ఇటు వంచి తిప్పలు పడ్డాడు. ఎక్కువైన ఆ అంగుళం పుణ్యమా అని ఫిల్టరు ఇంజను గది దాటి, దీపం కింద ఉన్న సందులోంచి బంపరు వెనక్కి పోయి కూర్చుంది. అక్కడ తగిలేదంతా చల్లగాలే. కొండ ఎక్కి దిగి వచ్చిన డాక్టరు గారు బండి ఆపకుండానే మళ్లీ కొండ వైపు తిప్పాడు. కారుకు ఆ కొత్త గొంతు కూడా అప్పుడే వచ్చింది. మేస్త్రి పేరు నాలుగూళ్లకు పాకింది.

అక్కడ నుంచి అది కథైపోయింది. బానెట్ ఎత్తిన ప్రతి కొత్త మనిషికీ మేస్త్రి చెప్పేవాడు. నేనేమో పద్నాలుగు అన్నాను, మా ఆవిడేమో టేపు తెగిన సంగతి ఒకసారి గుర్తుతెచ్చుకుని ఒకటి కలిపింది, మళ్లీ గుర్తుతెచ్చుకుని ఇంకోటి కలిపింది, ఆవిడ మతిమరుపు వల్ల నేను ఇంజనీరునయ్యాను అనేవాడు. ప్రేమగానే చెప్పేవాడు. అందరూ నవ్వేవారు. ఆవిడ కూడా తలుపు అవతల నుంచి నవ్వేది. ఆ తర్వాత ఎప్పుడు ఆయన కొలత చెప్పినా, "ఇంకోసారి చెప్పండి" అని రెండోసారి చెప్పించుకునేది. తనను ఆటపట్టిస్తోందనుకునేవాడు.

జబ్బు చేశాక, ఆసుపత్రిలో చేర్చేదాకా నాలుగు నెలలూ ఆవిడ మంచం మేడ మీద కిటికీ పక్కన ఉండేది. డాక్టరు గారు ఎవరూ అడక్కుండానే ప్రతి ఆదివారం పొద్దున ఆ వీధిలోకి వచ్చి, రెండో గేరులో నడిచినంత మెల్లగా కిటికీ కింద నుంచి వెళ్లేవాడు. ఒక్కసారైనా దిగి పలకరించేవాడు కాదు. పలకరిస్తే ఆవిడ లేచి కూర్చోవాలని చూస్తుంది, అది ఆయనకు తెలుసు. ఆవిడ కళ్లు మూసుకుని వినేది. "నా అంగుళం వెళ్తోంది" అనేది.

ఇప్పుడు ఆ గొంతునే కోయాలి. మేస్త్రి మంగళవారం కోయలేదు. బుధవారం కారును శుభ్రంగా తుడిచాడు. తుడవాల్సిన అవసరం లేదు. గురువారం పొద్దున గొట్టం విప్పి, చెక్క బల్ల మీద బిగించి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, తిన్నగా ఉన్న చోట రెండు గీతలు గీసి రంపం పెట్టాడు. ఏడుపు వస్తుందనుకున్నాడు గానీ రాలేదు. చేతికి పని దొరికితే కళ్లు కాస్త ఊరుకుంటాయి. అంగుళం వెడల్పు చుట్టు ఒకటి తెగి బల్ల మీద పడింది. దాన్ని పక్కన పెట్టాడు.

రెండు ముక్కల్నీ మళ్లీ అతకాలంటే, అతుకుకు అటూ ఇటూ నాలుగు వేళ్ల మేర నల్ల రంగు గీకేయాలి. లేకపోతే కొత్త గుడ్డ అంటుకోదు. గరుకు కాగితాన్ని నీళ్లలో ముంచి రుద్దుతూ ఉంటే రంగు పోయి, కింద తేనె రంగులో పాత రెసిన్ బయటపడింది. గాజు గుడ్డ రెసిన్ తాగితే అద్దంలా మారిపోతుంది, లోపలి పొర కూడా కనబడుతుంది. ఆ పొర మీద ఏదో నీలంగా ఉంది. మురికి అనుకుని ఇంకాస్త రుద్దాడు. అది లోపల ఉంది, పోలేదు. బొటనవేలితో తడి తుడిచి, గొట్టాన్ని వెలుతురులోకి తిప్పాడు.

భార్య చేతిరాత. టైలర్లు గుడ్డ మీద గీసే నీలి పెన్సిలుతో రాసింది.

"15 - ఆయన చెప్పింది."

ఆయన ఆ బల్ల దగ్గరే స్టూలు మీద కూర్చున్నాడు.

ఆవిడకు మొదటి నుంచీ ఉన్న అలవాటది. ఎవరు కొలత చెప్పినా చెవిన పడ్డ అంకెను ఆ క్షణమే గుడ్డ అంచున రాసేది. పక్కనే ఎవరి నోటి నుంచి వచ్చిందో కూడా రాసేది. రవిక బిగుతైతే నేను చెప్పింది ఇది కాదని పోట్లాడేవాళ్లు ఉంటారు కదా, వాళ్ల కోసం. పెద్ద కోడలు చెప్పింది, టీచరమ్మ చెప్పింది, అని దుకాణంలో ప్రతి గుడ్డ మూలా ఒక సాక్ష్యం. భర్త పేరు ఆవిడ ఏనాడూ పలికింది లేదు, రాసిందీ లేదు. ఆయన అంటే ఒక్కడే.

పద్నాలుగు అని తాను అనలేదు. తలకిందులుగా టేపు చూసి, ఒకటి తీసేయడం మరిచిపోయి, కనబడ్డ పదిహేనే కేకేశాడు. ఆవిడ పద్ధతి ప్రకారం దానికి ఒకటి కలిపి కోసింది. ఆవిడ కోత ఒక దారప్పోగు కూడా తప్పలేదు. ఆ రోజు తలుపు దగ్గర నిలబడి గొట్టం కేసి చూసినప్పుడే ఆవిడకు తెలుసు. ఆ నల్ల రంగు ఒక్కచోట గీకి చూపిస్తే సరిపోయేది. కానీ పెద్ద పని నమ్మి ఇచ్చిన మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. అందుకని తప్పు తన నెత్తిన వేసుకుంది. ఆయన దాన్ని పన్నెండేళ్లు ఊరంతా తిప్పాడు.

గొట్టం చేతిలో పట్టుకుని గోడ తలుపు దాటాడు. మరదలు ఏదో లంగా అంచు కుడుతోంది. దాన్ని ఆమె ముందు పెట్టాడు. ఆమె మిషను ఆపి, కళ్లద్దాలు పైకి తోసుకుని చదివింది. ఆశ్చర్యపోలేదు.

"ఇప్పటికి కనబడిందా బావా" అంది.

"నీకు తెలుసా?"

"ఆ సాయంత్రమే చెప్పింది అక్క. మీతో చెప్తే తంతానంది."

మేస్త్రి నిలబడే ఉన్నాడు. ఆమె కుర్చీ లాగి వేసింది. బావను ఆటపట్టించడం తప్ప ఇంకో పని తెలియని మనిషి, ఆవేళ మాటలు ఏరుకుంటూ నెమ్మదిగా చెప్పింది. మొదట్లో అక్క కూడా నవ్వుకునేదట. ఆ కథ చెప్పేటప్పుడు ఆయన మొహం పెళ్లినాటిలా వెలుగుతుంది, అంతకంటే నాకేం కావాలి అనేదట. రవికలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు కొందరు, కొలత జాగ్రత్తమ్మా, మీ అంగుళం సంగతి విన్నాం అన్నప్పుడు మాత్రం తల వంచుకుని టేపు చుట్టేసేదట.

"అక్కకు కోపం వచ్చిందా ఎప్పుడైనా? నిజం చెప్పు."

మరదలు అంచు మీద లేని ముడతను చాలాసేపు సవరించింది. "కోపం కాదు బావా. ఆసుపత్రిలో, ఆ చివరి వారం, మీరు నర్సుకు చెప్పారు చూడండి ఆ కథ. ఆ పిల్ల తెగ నవ్వింది. అక్కా నవ్వింది. మీరు మందులకు కిందికి వెళ్లాక గోడ వైపు తిరిగి, ఇంకా ఎంతమందికి చెప్తారో ఈయన, అంది. అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు."

ఆయనకు ఆ రోజు బాగా గుర్తుంది. ఆవిడ ముఖంలో నవ్వు చూసి ఎన్నాళ్లయిందో కదా అని, కావాలనే ఉప్పూ కారం దట్టించి చెప్పాడు. ఆ నవ్వు తలుచుకునే ఎనిమిది నెలలు ఈడ్చుకొచ్చాడు.

మరదలు ఓదార్చలేదు. కుట్టు ముందుకు లాక్కుని మిషను తొక్కడం మొదలుపెట్టింది. మిషను చప్పుడు ఆగకుండా చాలాసేపు సాగింది. మగవాడు ఏడ్చిన చప్పుడు వీధిలోకి పోకుండా అది చాలు. ఆ లంగా అంచు ఆమె రెండోసారి, మూడోసారి కూడా కుట్టి ఉంటుంది.

మర్నాడు ఆయన అతుకు పని పూర్తి చేశాడు. భార్య అలమరలో మిగిలిపోయిన గాజు గుడ్డే తీసి, తనే కొలిచి, తనే కోసి చుట్టాడు. తెల్లటి గుడ్డ కింద నీలి అక్షరాలు మాయమైపోయాయి.  కుంచెతో రెసిన్ పట్టిస్తూ పోతే, గుడ్డ తడిసే కొద్దీ ఒక్కొక్కటీ తిరిగి పైకి వచ్చాయి. ముందు అంకె, తర్వాత మాటలు. ఆరాక గొట్టమంతా నల్ల రంగు వేశాడు. ఆ నాలుగు వేళ్ల మేర మాత్రం వదిలేశాడు. రంగు లేని చోటు పైకి వచ్చేలా తిప్పి బిగించాడు.

శనివారం డాక్టరు గారూ అమ్మాయీ వచ్చారు. ఆ పిల్ల తిన్నగా బల్ల దగ్గరికి వెళ్లి, తెగిన చుట్టును చేతిలోకి తీసుకుంది. ఇదేనా ఆ అంగుళం అని అడిగింది. డాక్టరు గారు నవ్వి, ఆ కథ మేస్త్రి నోటనే వినాలి, నేను చెప్తే రుచి ఉండదు అన్నాడు.

మేస్త్రి చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. ఆ కథ అన్నిసార్లు చెప్పిన నోరు ఈసారి దారి వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఆ కథ తప్పమ్మా. నేను పద్నాలుగు అనలేదు. పదిహేను అన్నాను. మా ఆవిడ సరిగ్గానే కోసింది. ఇన్నాళ్లూ అబద్ధం చెప్పాను."

 డాక్టరు గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, కూతురితో అన్నాడు. "మేస్త్రి మాటలు పట్టించుకోకు. పోయినవాళ్ల తప్పులు తమ మీద వేసుకోవడం మంచివాళ్లకు ఉండే జబ్బు. ఆవిడే నా ఎదురుగా ఒప్పుకుంది, నా చెవులతో విన్నాను."

ఆ మాటల్లో ఎక్కడా ఎకసెక్కం లేదు. ఉన్నదంతా దయే. మేస్త్రి ఆ దయ ముందు నిలబడలేకపోయాడు. ఆవిడ తనది కాని తప్పును మోస్తే నమ్మిన మనిషి, ఆయన తన తప్పును తాను మోస్తానంటే నమ్మడం లేదు. వెళ్లి కారు బానెట్ ఎత్తి పట్టుకున్నాడు.

అమ్మాయి వంగి చూసింది. "పదిహేను. ఆయన చెప్పింది" అని పైకి చదివింది.

పన్నెండేళ్లు రంగు కింద ఉన్న మాట ఆ పడుచు గొంతులో మొదటిసారి బయటికి వచ్చింది. డాక్టరు గారు ముందుకొచ్చి కళ్లు చికిలించుకుని తానూ చదివాడు. చెయ్యి మెల్లగా మేస్త్రి భుజం మీద నుంచి తీసేశాడు. ఆ తర్వాత ఏమనుకున్నాడో, మళ్లీ అక్కడే వేశాడు.

"దీనికి రంగు వేయకమ్మా ఎప్పుడూ" అన్నాడు మేస్త్రి. "ఎవరు బానెట్ ఎత్తినా చదువుకోనీ. అడిగితే చెప్పు."

"వేయను బాబాయ్ గారూ" అంది ఆ పిల్ల.

కారు స్టార్టు చేశారు. గొంతు మారిపోయింది. గట్టిగా, పదునుగా, ఎవరిదో కొత్త మనిషి గొంతులా ఉంది. పనిగా చూస్తే అది మంచి పనే. ఎక్కడా గాలి లీకు లేదు, ఇంజను హాయిగా పీలుస్తోంది. అమ్మాయి మొహం విచ్చుకుంది. డాక్టరు గారు కిటికీలోంచి తల బయట పెట్టి, ఆదివారాలు అమ్మాయి చేత నడిపిస్తూ ఇటు వస్తానన్నాడు.

"శబ్దం వేరు కదా డాక్టరు గారూ."

"వేరైతే ఏం. వస్తాను" అన్నాడాయన.

కారు మలుపు తిరిగింది. మేస్త్రి గుమ్మంలో నిలబడి చెవి ఒగ్గాడు. మొదటి వీధి దాటే దాకా ఇంజను వినబడింది. రెండో వీధిలో సీసా ఊదినట్టు ఆ చిన్న శబ్దం వినబడే చోట, ఏమీ వినబడలేదు. కాసేపు అలాగే ఉండి లోపలికి వచ్చాడు.

బల్ల మీద తెగిన చుట్టు ఉంది. గోడ తలుపు దాటి, మేకుకు వేలాడుతున్న భార్య టేపు తెచ్చుకున్నాడు. మరదలు చూసింది గానీ ఎందుకని అడగలేదు. చుట్టును నిలబెట్టి దాని పక్కన టేపు ఆనించాడు. టేపు తెగిన కొస దగ్గర ఒకటి. పై అంచు దగ్గర రెండు.

"ఒకటి" అన్నాడు పైకి.

అవతల మిషను ఆగింది. ఆయన కొంచెంసేపు ఎదురుచూశాడు. తర్వాత, ఎవరో అడిగినట్టే, ఇంకోసారి చెప్పాడు.